అమ్మాయి చదువుతున్న నాంత్ నగరానికి ఐదు రాత్రులు: అప్పు చేయాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఫ్రాన్సులోని నాంత్‌లో ఎం.ఎస్. చదువుతోంది, ఇంకో ఏడాది చదువు మిగిలి ఉంది. వేసవి సెలవుల్లో నేనూ మావారూ వెళ్లి చూసి రావాలనుకుంటున్నాము. పారిస్, నాంత్, నీస్ కలిపి ఎనిమిది రోజుల ప్యాకేజీకి ఇద్దరికీ 5 లక్షలు అవుతుందని ఏజెంటు చెబుతున్నారు. ఏప్రిల్‌లో 2,20,000 రూపాయల ఆర్‌డీ చేతికి వస్తుంది. మిగతా దాదాపు 3 లక్షలకు పర్సనల్ లోన్ తీసుకోవాలా, అత్యవసరానికి దాచుకున్న ఎఫ్‌డీని రద్దు చేసుకోవాలా? అమ్మాయి విద్యారుణం వాయిదాలు ఇంకా మొదలు కాలేదు. (మచిలీపట్నం నుంచి ఒక ఉపాధ్యాయురాలు)

జవాబు: రెండూ వద్దమ్మా. వెళ్లడం మానుకోమని నేను అనడం లేదు. ప్యాకేజీని, వేసవిని మానుకుంటే అప్పు అవసరమే రాదని లెక్క చూస్తే తెలుస్తుంది.

ముందు అప్పు సంగతి. 3 లక్షల పర్సనల్ లోన్ 14 శాతం వడ్డీకి రెండేళ్ల కాలానికి తీసుకుంటే నెలకు సుమారు 14,400 రూపాయల వాయిదా పడుతుంది, మొత్తం వడ్డీ 45,700 రూపాయల దాకా అవుతుంది. యూరోను 110 రూపాయలుగా పట్టుకుంటే ఇది నాంత్‌లో ఒక మోస్తరు హోటల్లో నాలుగున్నర రాత్రుల గది అద్దెతో సమానం. పైగా ఆ వాయిదాలు సాగుతుండగానే విద్యారుణం వాయిదాలు కూడా మొదలయ్యే అవకాశం ఉంది, ఆ రుణంపై వడ్డీ మారటోరియం (వాయిదాలు కట్టనక్కర్లేని) కాలంలోనూ పేరుకుంటూనే ఉంటుంది. ఇంకో చిక్కు కూడా ఉంది: వీసాకు మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు చూపించేటప్పుడు ఖాతాలో హఠాత్తుగా పెద్ద మొత్తం జమ అయి కనిపిస్తే అది ఎక్కడిదన్న అనుమానం వస్తుంది. ఎఫ్‌డీని గడువుకు ముందే తీసుకుంటే పోయే వడ్డీ చిన్నదే అయినా, తిరిగి వచ్చిన మర్నాడు ఇంట్లో ఎవరికైనా ఆసుపత్రి అవసరం పడితే చేతిలో ఏమీ ఉండదు కనుక దాని జోలికి పోకండి.

ఇక ప్యాకేజీ. నాంత్ ఫ్రాన్సుకు పడమటి వైపున లువార్ నది ఒడ్డున ఉంటే, నీస్ ఆగ్నేయపు కొసన మధ్యధరా తీరంలో ఉంది. ఈ రెండింటినీ ఎనిమిది రోజుల్లో ఇరికిస్తే మీరు అమ్మాయితో గడిపే సమయం కంటే సూట్‌కేసులతో గడిపే సమయమే ఎక్కువవుతుంది. అంతే కాక, విదేశీ టూర్ ప్యాకేజీ కొన్నప్పుడు ఏజెంటు మొదటి రూపాయి నుంచే టీసీఎస్ (అమ్మేవారే ముందుగా తీసుకునే ఆదాయపు పన్ను) వసూలు చేస్తారు. అది రిటర్నులో సర్దుబాటు అయ్యే సొమ్మే అయినా కొన్ని నెలలు మీ చేతిలో ఉండదు. టికెట్లు, గది మీరే విడివిడిగా బుక్ చేసుకుంటే అది ప్యాకేజీ కిందికి రాదు. ఖర్చును తగ్గించుకోవాలంటే రోజులను కాదు, ఊళ్లను తగ్గించుకోవాలి.

అందులోనూ నాంత్ ఒక్క ఊరినే తీరిగ్గా చూడదలచిన వారికి చవకగా చూపించే నగరం. 1987లో అక్కడి నది మధ్య దీవిలోని ఓడల కర్మాగారం మూతపడ్డాక ఆ దీవిని ఖాళీగా వదిలేయకుండా కళాకారుల చేతికి అప్పగించారు, 2007 నుంచి అక్కడ 12 మీటర్ల ఎత్తున్న యంత్రపు ఏనుగు తిరుగుతోంది. ఏనుగెక్కడానికి టికెట్ కొనాలి గానీ, అది చెవులు ఆడిస్తూ, కీళ్లు కిర్రుమంటుండగా నడిచి వచ్చి తొండంతో జనం మీద నీళ్లు చిమ్మడాన్ని పక్కనే నడుస్తూ చూడటానికి ఎవరూ పైసా అడగరు. నా మాట వింటే కింద నిలబడి చూడటమే మేలు, పైకి ఎక్కితే ఏనుగే కనిపించదు. వేసవి దాటాక ఆ ఏనుగును నడిపే యంత్రశాల కొన్ని రోజులు మూసి ఉంటుంది కనుక తేదీలు ఖాయం చేసుకునే ముందు వారి క్యాలెండరు చూడండి. నేల మీద గీసిన ఆకుపచ్చ గీత వెంట నడుస్తూ పోతే ఊళ్లోని కళాకృతులన్నీ ఒక్కొక్కటే ఎదురవుతాయి. 1843 నాటి పొమ్మెరే అంగడి వీధికి, ఒకప్పుడు ఆ ప్రాంతాన్ని ఏలిన డ్యూకుల కోట ప్రాకారం మీదికి, 2012లో నది ఒడ్డున తెరిచిన బానిసత్వ నిర్మూలన స్మారకానికి ప్రవేశ రుసుము లేదు. కోటలోని మ్యూజియానికి మాత్రం టికెట్ తీసుకోండి. మన కోరమాండల్ తీరపు అద్దకాలను చూసి అక్కడివారు నేర్చి అచ్చువేసిన 'ఇండియెన్' బట్టలు ఆఫ్రికాలో మనుషులను కొనడానికి మారకపు సరుకుగా ఎలా వెళ్లాయో, కలంకారీకి పేరుపడ్డ బందరు నుంచి వెళ్లేవారు చూసి తీరవలసిన సంగతి. 2021 నుంచి శని, ఆదివారాల్లో అక్కడి ట్రాములు, బస్సులు అందరికీ ఉచితం, రంగురంగుల ఇళ్ల త్రాంతెమూ పేటకు నది దాటించే పడవ కూడా అందులోనే వస్తుంది. అందువల్ల గురువారం దిగి మంగళవారం బయలుదేరేలా చూసుకోండి. అన్నీ కలిపి అమ్మే సిటీ పాసును మాత్రం మీరు నిజంగా టికెట్ కొని లోపలికి వెళ్లే చోట్ల ధరలు కూడి చూసుకున్న తరువాతే కొనండి.

ఇద్దరికి నా అంచనా ఇది. హైదరాబాదు నుంచి పారిస్‌కు రానుపోను విమానం 1,40,000. ఫ్రాన్సుతో సహా చాలా యూరప్ దేశాలకు చెల్లే షెంజెన్ వీసాకు ఒక్కొక్కరికి 90 యూరోల రుసుము, సేవా కేంద్రం చార్జీలు కలిపి 25,000. కనీసం 30,000 యూరోల కవరేజీ ఉండవలసిన ప్రయాణ బీమా 4,000. పారిస్ విమానాశ్రయం నుంచే నాంత్‌కు నేరుగా వెళ్లే టీజీవీ అనే అతివేగపు రైలుకు రానుపోను 22,000. వంటగది ఉన్న అపార్ట్‌హోటల్లో రాత్రికి 90 యూరోల చొప్పున ఐదు రాత్రులు, పర్యాటక పన్నుతో సహా 52,000. తిండికి, టికెట్లకు, చిల్లర ఖర్చులకు రోజుకు 60 యూరోల చొప్పున 33,000. మొత్తం 2,76,000. రూపాయి పడిపోవచ్చు, రైలు తప్పిపోవచ్చు, అందుకని 10 శాతం కలుపుకుంటే సుమారు 3,04,000. ఆర్‌డీ పోగా మీకు కావలసింది 84,000 మాత్రమే. ఫిబ్రవరి నుంచి సెప్టెంబరు దాకా నెలకు 10,500 పక్కన పెడితే సరిపోతుంది. అంటే మీరు మే నెలలో కాక దసరా సెలవుల్లో వెళ్తారు. అప్పటికి యూరప్‌లో వేసవి రద్దీ తగ్గి గదులూ టికెట్లూ దిగివస్తాయి, వీసా అపాయింట్‌మెంటు కూడా తేలికగా దొరుకుతుంది.

అమ్మాయి గదిలోనే ఉంటే అద్దె మిగులుతుంది కదా అని మీకు అనిపించవచ్చు. అలా చేస్తే అమ్మాయి అక్కడి మునిసిపాలిటీ నుంచి 30 యూరోలు కట్టి ఆతిథ్య పత్రం తీసుకోవాలి, ముగ్గురికి సరిపడా చోటుందని చూపించాలి. విద్యార్థి గదికి అది కుదిరే పని కాదు. దానికంటే అపార్ట్‌హోటల్ వంటగదిలో రాత్రిపూట ముగ్గురూ అన్నం, చారు వండుకుంటే రెస్టారెంట్ ఖర్చు సగానికి సగం తగ్గుతుంది. బయట తినాలనుకుంటే మధ్యాహ్నమే తినండి, రెస్టారెంట్లలో భోజనం అప్పుడే చవక. భోజనంతో పాటు కుళాయి నీళ్ల జగ్గు అడిగితే ఉచితంగా ఇస్తారు, సర్వీస్ చార్జీ బిల్లులోనే కలిసి ఉంటుంది కనుక మన అలవాటు కొద్దీ విడిగా టిప్పు పెట్టనక్కర్లేదు.

డబ్బు తీసుకెళ్లే పద్ధతిలో కూడా కొంత జారిపోతుంది. కొన్ని క్రెడిట్ కార్డులు విదేశీ ఖర్చు మీద 3.5 శాతం మార్కప్ (అదనపు రుసుము), దానిపై 18 శాతం జీఎస్‌టీ వేస్తాయి. అక్కడ మీరు పెట్టే 85,000 మీద అది 3,500 రూపాయలు. బ్యాంకులో ఫారెక్స్ కార్డు తీసుకుని యూరోలను రెండు మూడు దఫాలుగా నింపుకోండి. అక్కడి కార్డు మెషీన్ 'రూపాయల్లోనా, యూరోల్లోనా' అని అడిగితే యూరోలే నొక్కండి, రూపాయలు నొక్కితే మారకపు రేటు వాళ్లు చెప్పిందే అవుతుంది.

ఏప్రిల్‌లో వచ్చే ఆర్‌డీ సొమ్మును సేవింగ్స్ ఖాతాలో వదిలేయకుండా మూడు నెలల ఎఫ్‌డీలో వేయండి. జూలైలో అది చేతికి రాగానే విమానం టికెట్లు, బీమా కొని వీసాకు దరఖాస్తు చేయండి. షెంజెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ దరఖాస్తు చేయవచ్చు. రైలు టికెట్ల ధర ప్రయాణం దగ్గరపడే కొద్దీ పెరుగుతుంది కనుక వీసా ముద్ర పడిన రోజే అవి తీసుకోండి. మీరు ప్రభుత్వ ఉపాధ్యాయురాలైతే విదేశీ ప్రయాణానికి శాఖాపరమైన అనుమతి కోసం వీటన్నిటికంటే ముందుగా, ఈ నెలలోనే అర్జీ పెట్టుకోండి.