ఏసీఎల్ సర్జరీ అయిన 6 నెలలకే కబడ్డీ? ఇప్పుడే వద్దండి

మీ అబ్బాయికి 17 ఏళ్లు, ఏసీఎల్ (మోకాలి లోపల ఎముకలను కలిపి పట్టి ఉంచే లిగమెంట్) ఆపరేషనై 6 నెలలైంది, నొప్పి లేదు కాబట్టి కబడ్డీకి పంపొచ్చా అని అడిగారు. దయచేసి ఇప్పుడే పంపకండి. నొప్పి పోవడం వేరు, లోపల గ్రాఫ్ట్ (తెగిన లిగమెంట్ స్థానంలో అమర్చిన టెండన్, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటి భాగం) గట్టిపడటం వేరు. ఆ టెండన్ మొదట బలహీనపడి, రక్తనాళాలు పెరిగాక మెల్లగా లిగమెంట్‌లా మారుతుంది. అందుకు ఏడాది పైనే పట్టొచ్చు. 25 ఏళ్లలోపు ఉండి మళ్లీ ఆటలోకి దిగిన వాళ్లలో దాదాపు నలుగురిలో ఒకరికి ఏసీఎల్ మళ్లీ తెగుతోంది. అదీ ఆపరేషన్ చేసిన మోకాలిలోనే కాదు, బాగున్న కాలిలో కూడా! అందుకే వ్యాయామాలు రెండు కాళ్లకీ చేయించాలి.

కనీసం 9 నెలలు ఆగండి. ఆ తర్వాత కూడా తేదీని బట్టి కాదు, పరీక్షను బట్టే. ఫిజియో దగ్గర తొడ ముందు కండరం బలాన్ని డైనమోమీటర్‌తో (కండరాల బలాన్ని కొలిచే పరికరం) కొలిపించండి, రెండో కాలితో పోలిస్తే 90 శాతమైనా ఉండాలి. ఒంటికాలి గెంతు దూరమూ అంతే. కానీ గెంతు ఒక్కటే చూసి సరేననకండి, తుంటి, చీలమండ సాయంతో తొడ బలహీనతను కప్పిపుచ్చుకోవచ్చు. ఎదురుగా నిలబడి ఫోన్‌లో వీడియో తీయండి. నేలమీద దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలుతుంటే ఇంకా సిద్ధం కానట్టే.

మొదట తిన్నగా పరుగు, తర్వాత మలుపులు, ఆపైన ఎవరూ పట్టుకోకుండా రెయిడ్, చివరికే ట్యాకిల్. మర్నాడు మోకాలు వాస్తే ఒక మెట్టు వెనక్కి రండి.