చిన్నీకి, ఆఖరి చెక్ గురించి

చిన్నీ,

నీ ఉద్యోగం పోయిన సంగతి నాకు తొమ్మిది రోజుల తర్వాత తెలిసింది, అదీ మీ అమ్మ నోట. ముందు కోపం వచ్చింది. కారులో గంట దూరంలో పెద్దమ్మను పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా గదిలో తలుపేసుకుని కూర్చున్నావా? తర్వాత మీ అమ్మ, "అది ఆఖరి జీతం కోసం లేబర్ ఆఫీసులో కంపెనీ మీద క్లెయిమ్ వేస్తానంటోంది అక్కా, నువ్వైనా చెప్పి ఆపు" అంది. ఫోన్ పెట్టేశాక నవ్వొచ్చింది. చెప్పక చెప్పక నాకే చెప్పింది.

నేను ఆపను. కానీ ముందు వీసా సంగతి చూడు. ఇది నా భయం, నీకు చాదస్తంలా అనిపించినా సరే. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే ఇప్పుడు ఎక్కువలో ఎక్కువ 60 రోజుల గడువుంది. నీ ఐ-94, అంటే ఈ దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో రాసిన రికార్డు, అంతకంటే ముందే ముగిస్తే ఆ తేదీ వరకే. ఈ లెక్క మామూలుగా నీకు జీతం కట్టిన ఆఖరి రోజు మర్నాడు మొదలవుతుంది, చెక్ చేతికొచ్చిన రోజు కాదు. చెక్ కోసం ఎదురుచూస్తూ ఆ రోజులు పోగొట్టుకోకు. ఈ వారంలోనే ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడు. ఒకవేళ తిరిగి వెళ్లాల్సి వస్తే, గడువుకు ముందే తీసేసిన కంపెనీయే నీ ప్రయాణానికి న్యాయంగా అయ్యే ఖర్చు పెట్టుకోవాలి. ఆ మాట వాళ్లంతట వాళ్లు చెప్పరు.

పే స్లిప్పులు, ఆఫర్ లెటర్, తీసేసినట్టు వచ్చిన మెయిల్, మిగిలిన సెలవుల లెక్క, అన్నీ సొంత మెయిల్‌లో పెట్టుకో. లాగిన్ తీసేసి ఉంటే పే రికార్డుల కాపీ కావాలని రాతలో అడుగు, 21 రోజుల్లో ఇవ్వాలి. ఫోన్‌లో ఏమన్నా, ఆ వెంటనే "మీరు ఇలా అన్నారు" అని మెయిల్ కొట్టు.

మా చంటి నీతో ఆఖరి చెక్ కోసం ఆరు రోజులు ఆగాలన్నాడట. వాడి ఉద్యోగం టెక్సస్‌లో పోయింది కాబట్టి వాడి లెక్క వాడిది. న్యూయార్క్‌లో అయితే తర్వాతి పేడే, అంటే జీతాలు వేసే రోజు, దాకా ఆగాలి. ఫెడరల్ చట్టం వెంటనే ఇమ్మని ఎక్కడా అనదు. నువ్వున్నది కాలిఫోర్నియాలో. ఇక్కడ తీసేస్తే తీసేసిన రోజే, అక్కడికక్కడే మొత్తం జీతం ఇవ్వాలి. నీ అంతట నువ్వు చెప్పాపెట్టకుండా మానేస్తే వాళ్లకి 72 గంటలు టైముంటుంది. అందుకే "రాజీనామా చేసినట్టు రాసిస్తే నీ రికార్డుకే మంచిది" అని ఎవరైనా తియ్యగా అంటే తల ఊపకు. మీ మేనేజరు "వచ్చే పేడేకి వేస్తాం" అన్నాడంటే మంచివాడే కావచ్చు, కానీ ఆ మాట చట్టంలో లేదు. కావాలని ఆలస్యం చేస్తే రోజుకి ఒక రోజు జీతం చొప్పున, శని ఆదివారాలతో కలిపి, 30 రోజుల దాకా పెనాల్టీ పడుతుంది.

ఇంకొకటి. ల్యాప్‌టాప్ తిరిగివ్వలేదనో, కాగితం మీద సంతకం పెట్టలేదనో నీ చెక్ ఆపే హక్కు వాళ్లకి లేదు. ల్యాప్‌టాప్ ఇచ్చెయ్, రసీదు తీసుకో. సంతకం దగ్గర మాత్రం కాస్త ఆగు, దాని సంగతి చెప్పాలి.

అది 2001, ఏప్రిల్. డాట్‌కామ్ కంపెనీలు వరసపెట్టి మూతపడుతున్న రోజులు. మధ్యాహ్నం నన్ను చిన్న మీటింగ్ రూముకి పిలిచారు. బల్ల మీద ఒక కవరు, పక్కన నాలుగు పేజీల కాగితం. నాలుగో పేజీలో పసుపుపచ్చ స్టిక్కర్, దాని మీద సంతకం పెట్టాల్సిన చోటికి బాణం గుర్తు. పెన్ను మూత కూడా ముందే తీసి పెట్టారు. ఎదురుగా కూర్చున్నావిడ చాలా మెత్తగా, "కంపెనీ పరిస్థితి ఇలా ఉన్నా మీకు రెండు వారాల జీతం ఇస్తున్నాం" అంది. అప్పట్లో ఈ 60 రోజుల గడువు లేదు, అది 2017లో వచ్చింది. ఉద్యోగం పోయిన గంట నుంచి స్టేటస్ లేనట్టేనని అందరం వణికేవాళ్లం. ఆ బాణం తప్ప నాకేమీ కనబడలేదు. సంతకం పెట్టి, కవరు తీసుకుని, ఆవిడకి థాంక్స్ చెప్పి వచ్చాను. లిఫ్టులో గుర్తొచ్చింది, నా కాఫీ కప్పు డెస్క్ మీదే ఉండిపోయిందని. మళ్లీ లోపలికి వెళ్లడానికి మొహం చెల్లలేదు.

ఆ ఏడాది నేను ఒక్క రోజు కూడా సెలవు పెట్టలేదు. జ్వరంతో కూడా వెళ్లాను. పదిహేడు రోజులు కూడబెట్టాను. ఎందుకో తెలుసా? జూన్‌లో మీ అమ్మకి డెలివరీ డేట్ ఇచ్చారు. నువ్వు పుట్టేసరికి నేను పక్కనుండాలని.

నాలుగేళ్ల తర్వాత నాకు పేరోల్‌లో, అంటే జీతాల లెక్కలు చూసే చోట, ఉద్యోగం వచ్చింది. మొదటి నెలలోనే ఎవరిదో ఫైనల్ చెక్ కట్టమన్నారు. మా సూపర్‌వైజర్ పక్కన నిలబడి, "వాడుకోని సెలవులు కలిపావా? ఇక్కడ అవీ జీతమే" అంది. సిక్ లీవ్ కాదు, వెకేషన్ మాత్రం ఆఖరి జీతం రేటున కట్టివ్వాలి. చెయ్యి కీబోర్డ్ మీదే ఆగిపోయింది. ఇంటికెళ్లి పాత కవరు తీసి చూశాను. పని చేసిన రోజుల జీతం ఉంది. దాని కింద ఆ "రెండు వారాలు", అంటే పది రోజులు. సెలవులకంటూ ఒక్క వరస కూడా లేదు. నాకు రావాల్సింది పదిహేడు రోజులు. నా సొమ్ములోంచే ఏడు రోజులు కోసుకుని, మిగతాది దానంలా చేతిలో పెట్టి, నాచేత థాంక్స్ చెప్పించుకున్నారు. పైగా నాకు రావాల్సిన జీతం ఇవ్వడానికి హక్కులన్నీ వదులుకున్నట్టు రాయించుకోవడమే చెల్లదట, అప్పుడు కూడా. కానీ ఇలాంటి క్లెయిమ్‌కి మామూలుగా మూడేళ్లే గడువు. నేను నాలుగో ఏట కళ్లు తెరిచాను.

ఆ జూన్‌లో నేను రాలేదు. ఎక్కడ దొరికితే అక్కడ కాంట్రాక్టు పనికి దూరాను. నిన్ను మొదటిసారి చూసేసరికి నీకు రెండున్నరేళ్లు. ఎత్తుకోబోతే ఏడ్చి మీ అమ్మ చీర కొంగులో దూరావు. దీనికి పెనాల్టీ ఎవరిచేత కట్టించను?

కాబట్టి నీకిచ్చిన కాగితంలో రెండు లెక్కలు విడివిడిగా చూడు. చేసిన పనికి జీతం, వాడుకోని వెకేషన్, ఇవి నీవి, సంతకంతో పని లేదు. సెవరెన్స్ అనేది దాని పైన వాళ్లిచ్చేది. దానికి సంతకం అడగొచ్చు, నువ్వు టైము అడగొచ్చు. సెవరెన్స్ అని రాసినదాంట్లో నీ సెలవులు కలిసిపోయాయేమో ముందు చూడు.

మీ అమ్మ భయం, క్లెయిమ్ వేస్తే వీసా మీద పడుతుందని. దానికి నవ్వకు, ఆ భయం మీ అమ్మకి నేనే అంటించాను. కాలిఫోర్నియాలో జీతం హక్కులకి ఇమిగ్రేషన్ స్టేటస్‌తో సంబంధం లేదు. క్లెయిమ్ వేసినందుకు స్టేటస్ పేరు చెప్పి బెదిరిస్తే అది కంపెనీ చేసిన ఇంకో తప్పవుతుంది. లేబర్ కమిషనర్ దగ్గర ఫీజు లేదు, లాయర్ ఉండి తీరాలని కూడా లేదు. కాకపోతే సాగుతుంది. ముందు ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీకి చూస్తారు, కుదరకపోతే హియరింగ్. ఏడాది దాటినా ఆశ్చర్యపోకు. అందుకే ముందు ఒక మెయిల్ రాయి. తేదీ, రావాల్సిన రోజులు, సెలవులు, మొత్తం. నాలుగు లైన్లు చాలు, కోపం వద్దు. చాలాసార్లు చెక్ అక్కడే వచ్చేస్తుంది. పంపే ముందు నాకు చూపించు. నీ ఇంగ్లీష్ నాకంటే బాగుంటుంది గానీ, లెక్కలు నేను చూస్తాను.

శనివారం పొద్దున్నే వస్తున్నాను. నా పాత కవరు కూడా తెస్తాను, ఆ పసుపు స్టిక్కర్ ఇంకా ఊడలేదు. పే స్లిప్పులు ప్రింట్ తీసి ఉంచు. అద్దె గురించి టెన్షన్ పడకు, ఆ మాట నేను వచ్చాక మాట్లాడుకుందాం. ఈ రాత్రి మాత్రం మీ అమ్మకి నువ్వే ఫోన్ చెయ్యి.

పెద్దమ్మ