రికమెండ్స్ ఆపేసి పెన్‌డ్రైవ్ ఏదీ అంటే ఎలా?

ప్రశ్న: డెబియన్ లినక్స్‌లో ఏ ప్రోగ్రాం ఇన్‌స్టాల్ చేసినా అడగని ప్యాకేజీలు బోలెడు దిగుతున్నాయని రికమెండ్స్ (సిఫారసుగా తోడు దిగే ప్యాకేజీలు) మొత్తానికే ఆపేశానండి. తర్వాత థునార్ అనే ఫైల్ మేనేజర్ వేసుకుంటే అందులో పెన్‌డ్రైవ్ కనపడట్లేదు, ఫొటోలకి థంబ్‌నెయిల్స్ రావట్లేదు. బగ్గా?

జవాబు: బగ్ కాదండీ, మీరు వద్దన్నవే రాలేదు. పెన్‌డ్రైవ్ సంగతి చూసేవి జీవీఎఫ్ఎస్, థునార్-వోల్‌మాన్, థంబ్‌నెయిల్స్ చేసేది టంబ్లర్, మూడూ థునార్‌కి రికమెండ్సే. పేరుపేరునా వేసుకుని ఒకసారి లాగౌట్ అయి రండి.

ఈ ప్రశ్న నాకు రూపం మార్చుకుని వస్తూనే ఉంటుంది, అందుకే విసుగు. డాకర్‌లో ప్రోగ్రాముల్ని డబ్బాలో పెట్టినట్టు ప్యాక్ చేసేవాళ్లు ఆ ప్యాక్ (ఇమేజ్) చిన్నగా ఉండాలని నో-ఇన్‌స్టాల్-రికమెండ్స్ అని రాస్తారు, అక్కడ అది కరెక్టే, దాన్ని ఎత్తుకొచ్చి డెస్క్‌టాప్ సెట్టింగ్‌లో పెట్టేయడమేంటి? రికమెండ్స్ అంటే మామూలుగా వాడేవాళ్లందరి దగ్గరా ఉండాల్సినవి, 2009లో డెబియన్ లెన్నీ వెర్షన్ వచ్చినప్పటి నుంచి వాటంతటవే దిగుతున్నాయి. ఉంటే బాగుండు అనేవి సజెస్ట్స్, అవి ఎలాగూ దిగవు.

పెన్‌డ్రైవ్ పోతే పోయింది, నా భయం వేరే. నెట్ నుంచి ఫైళ్లు దించే కమాండ్ డబ్ల్యూగెట్‌కి సీఏ-సర్టిఫికెట్స్ అనే ప్యాకేజీ (సైట్ అసలుదో కాదో తేల్చే సర్టిఫికెట్ల లిస్టు) రికమెండ్స్ మాత్రమే, తప్పనిసరి కాదు. అది లేకపోతే ఏ హెచ్‌టీటీపీఎస్ సైట్‌నీ డబ్ల్యూగెట్ నమ్మదు, ఫైర్‌ఫాక్స్ మాత్రం తన సర్టిఫికెట్ల లిస్టు తనే తెచ్చుకుంటుంది కాబట్టి అందులో సైట్ చక్కగా తెరుచుకుంటుంది, దాంతో మనవాళ్లు డబ్ల్యూగెట్‌దే తప్పనుకుని నో-చెక్-సర్టిఫికెట్ అని, అంటే సర్టిఫికెట్ చూడొద్దని, తగిలించేస్తారు. ఇంకేముంది, దారిలో ఎవడైనా ఫైల్ మార్చి పంపినా తెలీదు, పైగా దించిన ఆ స్క్రిప్టునే సుడోతో, అంటే అడ్మిన్ అధికారంతో, నడుపుతారు! మెషీన్లో నాలుగు ఎంబీలు మిగిల్చి తాళంచెవి దొంగ చేతిలో పెట్టినట్టు. మీ పాత స్క్రిప్టుల్లో ఆ ముక్క ఉందేమో ఇవాళే వెతికి తీసేయండి.

నేనైతే ఆ సెట్టింగ్ ముట్టుకోను. పెద్ద ప్యాకేజీ అయితే ముందు ఇన్‌స్టాల్ కమాండ్‌కి మైనస్ ఎస్ (నిజంగా దించకుండా చూపించేది) పెట్టి ఏమేం దిగుతాయో చూస్తా, నచ్చకపోతే ఆ ఒక్క కమాండ్‌కే ఆపుతా. ఫెడోరా అనే ఇంకో లినక్స్‌లో కూడా ఇన్‌స్టాల్_వీక్_డెప్స్ అని ఉంది, అదీ అంతే.

అయినా తప్పంతా మీదే అననులెండి. డెబియన్‌లో ప్యాకేజీలు దించే ఏపీటీ పేర్లన్నీ కుప్పపోసి అవునా కాదా అంటుంది, ఏది ఎందుకో చెప్పదు. ఆర్చ్ లినక్స్‌లో అదే పని చేసే ప్యాక్‌మ్యాన్ ఆప్షనల్ ప్యాకేజీలు దించదు గానీ ఒక్కోటి దేనికో పక్కనే చిన్న ముక్క రాస్తుంది, ఆ ముక్క ఇక్కడా ఉంటే నాకొచ్చే ఉత్తరాల్లో సగం తగ్గేవి.