ల్యాబ్ లేని బడిలో చిన్నపిల్లలకు డిజైన్ అండ్ టెక్నాలజీ ఎలా మొదలుపెట్టాలి?

ఒడిశాలోని గుణుపురం దగ్గర బడిలో మూడో తరగతికి డిజైన్ అండ్ టెక్నాలజీ (ఒక అవసరానికి తగ్గ వస్తువును పిల్లలే ఆలోచించి చేసే పాఠం) చెప్పమన్నారు, ల్యాబ్ లేదు, కిట్లు లేవు, పిల్లల్లో కొందరివి తెలుగు ఇళ్లు, కొందరివి ఒడియా, కొందరివి సవర (ఇక్కడి గిరిజన భాష), ఎక్కడ మొదలుపెట్టను అని అడిగారు. నేను పర్లాకిమిడిలో చిన్న తరగతులకు పదిహేడేళ్లుగా చెబుతున్నాను. నాకు పనికొచ్చింది రాస్తాను.

ల్యాబ్ గురించి బెంగపడకండి. పిల్లలు పరికరాలతో వస్తువులు చేసి చూసేందుకు కేంద్ర ప్రభుత్వం బళ్లలో పెట్టించే అటల్ టింకరింగ్ ల్యాబులు ఎలాగూ ఆరో తరగతి నుంచే. మన పిల్లలకు కావలసింది సీసా మూతలు, కొబ్బరి ఈనెలు, అట్టముక్కలు, పాత సైకిల్ ట్యూబు.

మొదటి ఏడాది నేనొక అట్టపెట్టె చేసి బల్ల మీద పెట్టి, ఇలాగే చేయండన్నాను. నా పెట్టె మూత సరిగ్గా పడేది కాదు. పిల్లలు చేసిన ఒక్క పెట్టెకీ మూత సరిగ్గా పడలేదు! అంత శ్రద్ధగా నన్నే దించేశారు. అది చేతిపనే గానీ డిజైన్ కాదని అప్పుడు తెలిసింది. అప్పటి నుంచి నమూనా చూపించడం మానేశాను, పని మాత్రమే చెబుతాను.

రథయాత్ర రోజుల్లో ఇచ్చే పని ఇది: ఐదు సుద్దముక్కలు వేసుకుని గుమ్మం నుంచి నల్లబల్ల దాకా వెళ్లే బండి చేయాలి, ఒక్కటీ కింద పడకూడదు. పూరీలో జగన్నాథుడి రథం నందిఘోషకు 16 చక్రాలు, బలభద్రుడి తాళధ్వజానికి 14, సుభద్ర రథానికి 12 అని మన పిల్లలు గుక్కతిప్పుకోకుండా చెబుతారు. మరి నీ బండికి ఎన్ని చాలు, ఎందుకు అని అడగండి. పాఠం అక్కడే మొదలవుతుంది.

ఒక పాప ఈనెను అట్టకీ అతికించింది, చక్రాలకీ అతికించింది. బండి కదల్లేదు, నేలమీద ఈడ్చుకుపోయింది. చెప్పేయాలని నోటిదాకా వచ్చినా ఆగాను. మర్నాడు వచ్చి, "మా తాత నాటుబండికి ఇరుసు తిరగదు టీచర్, చక్రమే తిరుగుతాది" అంది. మూతల బెజ్జాలు నాతో పెద్దవి చేయించుకుని, చక్రం ఊడిపోకుండా చివర పెట్టే చీలకు బదులు చెప్పు రబ్బరు ముక్క గుచ్చింది. బండి పరిగెత్తింది. పక్క పిల్లాడు దానికి తలకిందులుగా చేశాడు. చక్రాలు ఈనెకు బిగించి, ఈనెను బొప్పాయి కాడలో తిరగనిచ్చాడు. అదీ నడిచింది. మర్నాటికి కాడ వాడిపోయి ముడుచుకుపోతే, ఎండిపోయిన స్కెచ్‌పెన్ గొట్టం తెచ్చి మార్చుకున్నాడు. ఒకే పనికి రెండు సరైన జవాబులు ఉండటం ఆ పిల్లలు బళ్లో చూడటం అదే మొదటిసారి అనుకుంటాను.

బండి ఎగిరెగిరి పడుతోందంటే బెజ్జం నడిమధ్యలో లేదని అర్థం. మూతను కాగితం మీద పెట్టి గీత గీయించి, ఆ గుండ్రాన్ని కత్తిరించి, సగానికి మడిచి విప్పి, ఇంకోవైపు మళ్లీ సగానికి మడిపించండి. మడతలు కలిసిన చోటే కేంద్రం.

ముందు బొమ్మ గీసి తర్వాత చేయాలన్న నియమం చిన్నవాళ్లకు పెట్టకండి. బండి గీయమంటే సూర్యుణ్ణీ కొండల్నీ కూడా గీస్తారు. ముందు వస్తువుల్ని చేత్తో పట్టి చూడనివ్వండి. చేశాక గీయమంటే ఇరుసు ఎక్కడుందో, చక్రం ఎక్కడ ఆగిందో వివరంగా గీస్తారు. నడవని బండికి ఒకసారికి ఒక్క మార్పే చేయించండి, లేకపోతే ఏది పనిచేసిందో తెలియదు.

భాష సంగతి. చక్రం, ఇరుసు, చీల లాంటి మాటల్ని ఇంట్లో ఏమంటారో పిల్లల్నే చెప్పమని, అన్నీ గోడమీద రాయండి. గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల మాటలోనే వాచకాలు తయారుచేసిన ఊరు మాది. సవర పిల్ల లేచి తన మాట చెబితే క్లాసంతా పలకాలి. నా క్లాసులో ఎప్పుడూ నోరు విప్పని పిల్లలు మొదట మాట్లాడింది ఈ పీరియడ్‌లోనే.

బెజ్జాలు మాత్రం పిల్లలతో పెట్టించకండి. ముందురోజు రాత్రి దబ్బనం కాల్చి మీరే పెట్టుకోండి, పెద్దవి చేయాలన్నా మీ దగ్గరికే రావాలని చెప్పండి. ఒకే సైజు మూతలు నాలుగేసి చొప్పున దారానికి గుచ్చి పెట్టుకుంటే క్లాసులో వెతుకులాట ఉండదు. పది పన్నెండు మూతలు అదనంగా ఉంచుకోండి, ఎలాగూ పగులుతాయి.