ఊళ్లో చిన్న బడి పెడతానంటున్న మా చెల్లెలి కూతురికి

చిరంజీవి చిన్నమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వూ మీ ఆయనా బెంగళూరు ఉద్యోగాలు మానుకుని ఊళ్లో బడి పెడుతున్నారని మీ అమ్మ చెప్పింది. మీ కరపత్రం కూడా వాట్సాప్‌లో పంపింది. అందులో ‘ప్రతి విద్యార్థిపై వ్యక్తిగత శ్రద్ధ’ అని రాశారు. మదనపల్లె నుంచి రాయచోటి దాకా ఆ మాట గోడ మీద రాసుకోని బడి ఒక్కటి చూపించు. తరగతికి 50 మందిని కుక్కేవాళ్లూ అదే రాస్తారు. నువ్వు నిజంగా చేయదలచుకుంటే ఆ మాటను కరపత్రంలోంచి తీసేసి టైమ్‌టేబుల్లో పెట్టు. ఏ టీచరు, ఏ బిడ్డను, ఏ పూట, ఎంతసేపు చూస్తుందో అక్కడ రాసి ఉండాలి. నేను చెప్పబోయేదంతా దాని గురించే.

ముందు సంఖ్య తేల్చుకో. నన్నడిగితే 100 దాటొద్దు. అంతమందైతే గేటు దగ్గర నిలబడి ప్రతి బిడ్డనూ పేరు పెట్టి పిలవగలవు. ఎవరింట్లో ఎవరున్నారో, ఎవరికి ఒంట్లో బాగాలేదో మనసులో ఉంటుంది. ఆ పైన రిజిస్టరు చూసుకోవాల్సిందే. విద్యాహక్కు చట్టం ప్రాథమిక బడిలో 60 మంది వరకు ఇద్దరు టీచర్లుండాలంటుంది. అది ఇంతకు తగ్గకూడదని పెట్టిన హద్దు, దాన్ని పట్టుకుని బడి నడపకూడదు. టీచరుకు 16, 17 మంది పిల్లలు, అంతే.

ఇప్పుడు డబ్బు లెక్క. తలకు ఏడాదికి 12,000 ఫీజు అనుకో, 100 మందికి 12 లక్షలు. ఆరుగురు టీచర్లకు నెలకు 10,000 చొప్పున 12 నెలలకు 7,20,000. ఇద్దరు ఆయమ్మలకు 6,000 చొప్పున 1,44,000. మిగిలేది 3,36,000. బాడుగ, కరెంటు, వ్యాన్ డీజిలు, పుస్తకాలు, గోడలకు సున్నం అన్నీ అందులోంచే. అదీ అందరూ ఫీజు కడితే. మనూళ్లో ఫీజు టమాటాతో ముడిపడి ఉంది. మదనపల్లె మార్కెట్లో రేటు ఉన్న నెలలో అడక్కుండానే తెచ్చిస్తారు. రేటు పడిపోయి బాక్సు కూలి కూడా రాని నెలలో, నువ్వు ఎదురుపడితే తల దించుకుని పోతారు. అందుకే ఆరు నెలల జీతాలకు సరిపడా డబ్బు బ్యాంకులో వేసుకున్నాకే తలుపు తియ్యి. మొదటి రెండేళ్లు మీ ఇద్దరికీ జీతం లేదనుకో. బిల్డింగు కోసం మాత్రం అప్పు చేయొద్దమ్మా. అప్పు చేసిన కరస్పాండెంటు కంటికి పిల్లలు అడ్మిషన్లుగా కనిపించడం మొదలవుతుంది, 100 కాస్తా రెండేళ్లలో 250 అవుతుంది.

ఫీజు బకాయి సంగతి ఇంటి పెద్దతో మాట్లాడాలి, అదీ ఎవరూ లేనప్పుడు. బిడ్డను క్లాసులో లేపి ‘మీ ఫీజు ఇంకా రాలేదు’ అనే టీచరు నీ బడిలో ఉండకూడదు.

పర్మిషన్ల గురించి నువ్వు తేలిగ్గా మాట్లాడావని మీ అమ్మ అంది. ముందు సొసైటీనో ట్రస్టో రిజిస్టరు చేయించు. తర్వాత ఓపెనింగ్ పర్మిషన్, ఆపైన రికగ్నిషన్. బిల్డింగు గట్టిదనం, ఫైర్, శానిటేషన్ సర్టిఫికెట్లు అడుగుతారు. మండల విద్యాధికారి, అదే ఎంఈవో, ఆఫీసు చుట్టూ తిరగాలి. విసుగొస్తుంది, అయినా తిరుగు. గుర్తింపు లేకుండా నడిపితే లక్ష దాకా జరిమానా, ఆపకపోతే రోజుకు 10,000 అని చట్టంలోనే ఉంది. ‘అంతదాకా మీ పిల్లల పేర్లు మా బడి రికార్డుల్లో చూపిద్దాం మేడం’ అని ఎవరైనా సాయానికొస్తే వద్దని చెప్పు. రేపు వాళ్లతో చెడితే టీసీల కోసం ఏడ్చేది పిల్లలు. 25 శాతం సీట్లు పేద పిల్లలకివ్వాలన్నదీ చట్టమే, సంతోషంగా ఇవ్వు. కానీ దాని తాలూకు సర్కారు డబ్బును నమ్ముకుని జీతాల లెక్క వేసుకోకు.

ఇక అసలు పని. ఏప్రిల్, మే నెలల్లో మిగతా బడుల టీచర్లు ఎండలో క్యాన్వాసింగ్‌కు తిరుగుతుంటారు. నీ టీచర్లను ఆ పనికి పంపకు. పంపితే చేరిన పిల్లల ఇళ్లకు పంపు. ప్రతి బిడ్డకూ ఒక నోట్‌బుక్కు పెట్టి ఆ ఇంట్లో చూసింది అందులో రాయమను. మార్కులూ ర్యాంకులూ అక్కర్లేదు. ఎవరి దగ్గర పడుకుంటాడు, పొద్దున ఏం తిని వస్తాడు, ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, దేనికి భయపడతాడు, ఇంట్లో చదివి వినిపించగలిగిన మనిషి ఉన్నారా. అదీ రాయాల్సింది.

మన పక్క కువైట్ సంగతి నీకు తెలియంది కాదు. బడిలో అమ్మ కువైట్‌లో, నాన్న లారీ మీద, తాను అవ్వ దగ్గర ఉండే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. వీళ్లకోసం కొన్ని పద్ధతులు మార్చుకోవాలి. డైరీలో ‘తల్లిదండ్రుల సంతకం’ అన్న గడి తీసేసి ‘ఇంటి పెద్ద’ అని పెట్టు. అవ్వకు సంతకం రాకపోతే వేలిముద్ర చాలు, దాన్ని చూసి ఎవరూ నవ్వకూడదు. పేరెంట్ మీటింగు అవ్వలకు కుదిరే పూట పెట్టు, వాళ్లకు కుర్చీ వేసి కూర్చోబెట్టు. కువైట్‌లో టైము మనకంటే రెండున్నర గంటలు వెనక. సాయంత్రం బడి వదిలే వేళ అక్కడ మధ్యాహ్నం. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకు ఫోను ఎప్పుడు చేతికొస్తుందో ఒక్కొక్కరిది ఒక్కో కథ, అది కనుక్కుని నోట్‌బుక్కులో రాసి ఉంచు. నెలకోసారి బిడ్డ తెలుగు వాచకంలోంచి నాలుగు వాక్యాలు చదివితే వాయిస్ మెసేజ్ పంపించు. ఆ తల్లికి ప్రోగ్రెస్ కార్డు ఫోటో కంటే అదే ఎక్కువ. అమ్మ వచ్చి సెలవు అయిపోయి తిరిగి వెళ్లిన వారం ఆ బిడ్డ చదవడు, కొడతాడు, కొట్టించుకుంటాడు. ఆ వారం వాడికి పరీక్షలు పెట్టొద్దు. వాడి టీచరు కాస్త పక్కన కూర్చుంటే చాలు.

పొద్దున ప్రార్థన కాగానే పాఠం మొదలుపెట్టకు. 20 నిమిషాలు పలకరింపు పెట్టు. ప్రతి టీచరుకూ తన పదహారు మంది ఉంటారు. అన్ని వయసుల వాళ్లనూ కలిపి ఇవ్వు, అన్నదమ్ములుంటే ఒకే చోట వెయ్యి. ఏడాదంతా ఆ పదహారు మంది మంచి చెడ్డలు ఆమెవే. ఆ 20 నిమిషాల్లో ఎవరు తినకుండా వచ్చారు, ఎవరి కళ్లు ఎర్రగా ఉన్నాయి, ఎవరి చెవి కారుతోంది అన్నది తెలిసిపోతుంది. బోర్డు మీదిది వదిలి పక్కవాడి నోట్సులోంచి ఎక్కించుకునే పిల్లను తిట్టే ముందు కళ్లు చూపించు. మొద్దు అని పేరు పడిన పిల్లల్లో చూపు ఆననివాళ్లు, వినపడనివాళ్లు ఉంటారు. తినకుండా వచ్చినవాళ్ల కోసం ఆయమ్మ దగ్గర ఒక డబ్బా అటుకులు, బెల్లం ఉంచు. ఈ పూటను పోర్షన్ కాలేదని ఎవరు అడిగినా ఇవ్వకు. మొదట కోతపడేది ఇదే, చూస్తూ ఉండు.

చదువు దగ్గరికొస్తే, నువ్వు ఫిన్లాండ్ గురించి చదువుతున్నావట. చదువు, తప్పులేదు. కానీ మన పక్కనే రిషివ్యాలీ ఉంది. లోయలోని ఆ పెద్ద హాస్టలు బడి సంగతి కాదు నేను చెప్పేది. వాళ్లు చుట్టుపక్కల పల్లెల్లో పెట్టిన చిన్న బడుల పద్ధతి చూడు. ఒకే గది, వేర్వేరు తరగతుల పిల్లలు, పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొడతారు. ప్రతి కార్డుకూ ఒక బొమ్మ గుర్తు, గోడ మీద నిచ్చెన పటం. బిడ్డ తానెక్కడున్నాడో తానే చూసుకుని తన కార్డు తానే తెచ్చుకుంటాడు. వారం రోజులు జ్వరమొచ్చి రాకపోయినా, తిరిగొచ్చి వదిలిన చోట అందుకుంటాడు, క్లాసు వాణ్ని దాటి పోదు. కర్ణాటకలో నలి కలి అని, తమిళనాడులో ఏబీఎల్ అని సర్కారు బడుల్లోకి వెళ్లిన పద్ధతికి మూలం ఇదే. ఇంకో పేరు కూడా విని ఉండాలి నువ్వు. రిషివ్యాలీలో పనిచేసిన డేవిడ్ హార్స్‌బర్గ్ 1972లో సరిహద్దు అవతల, కోలారు జిల్లా రాయల్పాడు దగ్గర నీల్‌బాగ్ అని చిన్న పల్లె బడి పెట్టాడు. తరగతుల్లేవు, ర్యాంకుల్లేవు, అన్ని వయసుల వాళ్లూ కలిసి ఎవరి వేగంతో వాళ్లు నేర్చుకునేవాళ్లు. మన పొలాల మధ్య, మనలాంటి ఇళ్ల పిల్లలతో జరిగింది ఇది.

నువ్వు రోజంతా అలా నడపలేవు, నడపనక్కర్లేదు. రోజుకు గంటన్నర చాలు. తెలుగుకు, లెక్కలకు ఆ గంటన్నర తరగతి గోడలు తీసెయ్. చేర్చుకునే ముందు పిల్లలకు పరీక్ష పెట్టకూడదు, చట్టం ఒప్పుకోదు. చేరాక ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని చూడు: అక్షరాలు వచ్చా, మాటలు చదువుతాడా, చిన్న పేరా చదువుతాడా, కథ చదువుతాడా. లెక్కల్లో అంకెలు, తీసివేత, భాగహారం. దాన్ని బట్టి గుంపులు చెయ్యి. నాలుగో తరగతివాడు మాటల గుంపులో ఉంటే ఉండనీ. నెలకోసారి మళ్లీ చూసి పైకి జరుపు. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు దేశమంతా చేసి చూపించింది కూడా ఈ పద్ధతే. పెద్దపిల్లలు చిన్నగుంపులో కూర్చోవడానికి సిగ్గుపడతారు కదా అంటావేమో. గుంపులకు చెట్ల పేర్లు పెట్టి, వాళ్లచేత చిన్నవాళ్లకు చదివిస్తే ఆ సిగ్గు ఎక్కువ రోజులు ఉండదు.

ఇంగ్లీష్ మీడియం బోర్డు లేకపోతే పిల్లలు రారు. దాంతో కొట్లాడకు, బోర్డు పెట్టు. కానీ మొదటి రెండేళ్లలో తెలుగు ధారాళంగా చదవడం వచ్చేలా చూడు. చదవడం అనేది ఒకసారి పట్టుబడితే రెండో లిపికి అంత కష్టపడరు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు నీకు చాలామందే వస్తారు. వాళ్లకు తెలుగు, ఇంగ్లీషు రెండూ కొత్తే. ఉర్దూ వచ్చిన టీచరు ఒక్కరైనా ఉండాలి.

టీచర్లను ఊళ్లోంచే తీసుకో. పెద్ద డిగ్రీలు, ఫ్లూయెంట్ ఇంగ్లీషు చూసి బయటనుంచి తెస్తే సంక్రాంతికి వెళ్లినవాళ్లు తిరిగి రారు. ట్రైనింగ్ అయినవాళ్లను చూసుకో, లేకుంటే చేయించు. జీతం మే నెలకు కూడా ఇవ్వు. పది నెలల జీతమిచ్చి పన్నెండు నెలల ప్రేమ అడుగుతాయి చాలా బడులు, నాకు ఒళ్లు మండే విషయం ఇది. శనివారం మధ్యాహ్నం పిల్లల్ని పంపేసి, అందరూ కూర్చుని నోట్‌బుక్కులు తెరవండి. ఈ వారం ఏ ముగ్గురి గురించి మాట్లాడుకోవాలో ముందే అనుకోండి. కాఫీ, బోండా నీ ఖర్చు.

బెత్తం గురించి ఎక్కువ రాయను. చట్టం ప్రకారం నిషేధం, నీ బడిలో ఉండకూడదు. ‘రెండు తగిలించండి మేడం’ అని తండ్రులే అంటారు. ‘మీ ఇంట్లో మీరేం చేస్తున్నారో కూడా నాకు నోట్‌బుక్కులో ఉంది’ అని నవ్వుతూ చెప్పు, అర్థమవుతుంది.

ఇంకోటి, ఇది నవ్వుతూ చెప్పేది కాదు. వ్యాన్‌లో డ్రైవరుతో పాటు ఆయమ్మ తప్పనిసరి, చివరి బిడ్డ దిగేదాకా. ఏ గదికీ లోపల గొళ్లెం వద్దు. ఎవరైనా బిడ్డ తనకు జరిగిన అన్యాయం చెబితే, పరువు, పంచాయితీ, పెద్దమనుషులు అని ఆలోచించకు. పిల్లలపై లైంగిక నేరాలకున్న పోక్సో చట్టం కింద పోలీసులకు చెప్పడం నీ బాధ్యత, దాచితే నీదీ నేరమే. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు ప్రతి క్లాసులో పిల్లల కంటి ఎత్తున రాసి పెట్టు.

ఐదో తరగతి అయ్యాక, అంతకు ముందే కూడా, టౌన్ బస్సులొచ్చి నీ మంచి పిల్లల్ని తీసుకుపోతాయి. టెక్నో, ఒలింపియాడ్, ఐఐటీ ఫౌండేషన్ అంటారు. నీకు బాధేస్తుంది. పోటీగా ఆ పేర్లు నీ బోర్డు మీద ఎక్కించకు. వెళ్లే బిడ్డ నోట్‌బుక్కులోంచి అవసరమైనంత రాసి కొత్త బడి క్లాస్ టీచరుకు ఒక ఉత్తరం ఇవ్వు. చదివేవాళ్లు చదువుతారు.

ఆ రేకుల షెడ్డు బాడుగకు మాట్లాడుతున్నారని మీ అమ్మ అంది. మార్చి ఎండకే అందులో కూర్చోలేరు, పైకప్పు మార్చనిదే తీసుకోకండి. ఆడపిల్లలకు వేరే మరుగుదొడ్లు, నీళ్ల కనెక్షన్ ఎవరు వేయించాలో అగ్రిమెంటులోనే రాయించు. సంతకం పెట్టేముందు ఆ కాగితం నాకు ఫోటో తీసి పంపు. ఉగాది అయ్యాక నేనే వచ్చి నాలుగు రోజులుంటాను, మీ ఎంఈవో ఆఫీసుకు కలిసి వెళ్దాం. మీ ఆయనకు నా ఆశీస్సులు చెప్పు.

ఇట్లు,
మీ పెద్దమ్మ