విశాఖలో యూనివర్సిటీ అధ్యాపకులకు ఏ కోర్సులు నిజంగా పనికొస్తాయి?

ఫిజిక్స్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరి రెండేళ్లయింది, పద్నాలుగు ఎఫ్‌డీపీ (అధ్యాపకులకు పెట్టే చిన్న శిక్షణ కోర్సులు) సర్టిఫికెట్లు పోగయ్యాయి, క్లాసులో మాత్రం ఏమీ మారలేదు అని మీరు రాశారు. వాటిలో ప్రమోషన్‌కు పనికొచ్చేవి ఏవి, నిజంగా నేర్పేవి ఏవి, మీ ల్యాబ్ టెక్నీషియన్‌కు కూడా ఏమైనా ఉన్నాయా అని అడిగారు. నేను విశాఖలోనే ఒక డిగ్రీ కాలేజీలో పంతొమ్మిదేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. నా అనుభవంలో ఉన్నది చెబుతాను.

ముందు ప్రమోషన్ సంగతి. యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ మొదటి మెట్టయిన లెవెల్ 10 నుంచి పై మెట్టు 11కి వెళ్లడానికి పీహెచ్‌డీ ఉన్నవాళ్లకు నాలుగేళ్ల సర్వీసు కావాలి. దాంతోపాటు 21 రోజుల ఓరియెంటేషన్ (బోధన పద్ధతులు నేర్పే కోర్సు), ఆపైన ఒక రిఫ్రెషర్ (సబ్జెక్టులో కొత్తవి నేర్పే కోర్సు) గానీ రీసెర్చ్ మెథడాలజీ కోర్సు గానీ ఉండాలి. రిఫ్రెషర్ బదులు ఈ-సర్టిఫికెట్ ఉన్న ఒక మూక్ (ఎవరైనా చేరగల ఆన్‌లైన్) కోర్సు చూపించినా సరిపోతుంది. మీకు ఇంకా రెండేళ్లుంది కాబట్టి కంగారు లేదు. 2025 జనవరిలో యూజీసీ కొత్త ముసాయిదా విడుదల చేసింది. అందుకని మీ ఫైల్ పెట్టే నాటికి ఏ నిబంధన అమల్లో ఉందో మీ ఐక్యూఏసీ (సంస్థలో నాణ్యత చూసే విభాగం) కోఆర్డినేటర్‌ని రాతపూర్వకంగా అడగండి. నోటిమాట మీద ఆధారపడొద్దు.

ఇది ఎందుకు గట్టిగా చెబుతున్నానంటే నేను దెబ్బతిన్నాను. రిఫ్రెషర్‌కు రెండుసార్లు సీటు వచ్చింది. రెండుసార్లూ నన్ను రిలీవ్ చేయలేదు. ఒకసారి పరీక్షల డ్యూటీ అన్నారు, ఇంకోసారి తనిఖీ బృందం వస్తోందన్నారు. 'తర్వాత చేసుకోవచ్చులే మేడమ్' అన్న మాట నమ్మాను. తీరా చూస్తే కోర్సు పూర్తయిన తేదీ నుంచే ప్రమోషన్ లెక్కేశారు. ఏడాదికి పైగా పోయింది. జీతం తేడా కంటే నాతోపాటు చేరినవాళ్లు ముందుకెళ్లిపోయారన్న బాధే ఎక్కువ ఉండేది. అందుకే సీటు వచ్చిన రోజే దరఖాస్తు రాసి, ఆఫీసులో ఇన్‌వార్డ్ నంబర్ (దరఖాస్తు అందినట్టు వేసే నంబర్) వేయించుకుని, ఒక కాపీ మీ దగ్గర పెట్టుకోండి.

ఇక నేర్చుకోవడం గురించి. నేను ఓరియెంటేషన్ చేసింది 2009లో, ఆంధ్రా యూనివర్సిటీ అకడమిక్ స్టాఫ్ కాలేజీలో, అంటే అధ్యాపకులకు శిక్షణ ఇచ్చే కేంద్రంలో. అప్పట్లో అది నాలుగు వారాలు. గాజువాక నుంచి రోజూ పొద్దున్నే బస్సెక్కి మద్దిలపాలెంలో దిగి వెళ్లేదాన్ని. ఆ కేంద్రాలు 1987లో దేశమంతటా మొదలయ్యాయి. 2015లో పేరు హెచ్ఆర్‌డీసీ (మానవ వనరుల అభివృద్ధి కేంద్రం) అయింది, 2023లో మాలవీయ మిషన్ అనే అధ్యాపక శిక్షణ కార్యక్రమం కింద మళ్లీ మారింది. ఆ నాలుగు వారాల్లో విన్న ఉపన్యాసాల్లో చాలావరకు మర్చిపోయాను. ఒక మధ్యాహ్నం మాత్రం గుర్తుంది.

మైక్రో టీచింగ్‌లో నా వంతు వచ్చింది. పది నిమిషాలు, విద్యార్థులుగా కూర్చున్నది తోటి లెక్చరర్లే. 1/2, 1/4, 1/8 అంటూ రాసి 'ఇది ఎప్పటికైనా సున్నాకు చేరుతుందా?' అని అడిగి, వెంటనే జవాబు నేనే చెప్పేశాను. వెనక కూర్చున్న రిసోర్స్ పర్సన్, అంటే మాకు శిక్షణ ఇచ్చే ఆయన, వాచీ చూపించి, 'ప్రశ్న వేశాక మీరు రెండు సెకన్లు కూడా ఆగలేదమ్మా' అన్నారు. నాకు నమ్మబుద్ధి కాలేదు. మళ్లీ చేయించారు, మళ్లీ ఆగలేదు. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970ల్లోనే దీన్ని కొలిచారని ఆయనే చెప్పారు. టీచర్లు మామూలుగా ఒక సెకను మాత్రమే ఆగుతారట. మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవవుతాయట, మాట్లాడేవాళ్లూ పెరుగుతారట.

కాలేజీకి తిరిగొచ్చాక ప్రతి ప్రశ్న తర్వాత మనసులో ఐదు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. మొదటి వారం ఆ నిశ్శబ్దం భరించడమే కష్టమైంది. మూడో వారంలో అదే ప్రశ్న వేస్తే, భీమిలి నుంచి వచ్చే ఒక అబ్బాయి, అంతవరకు నోరు విప్పనివాడు, 'చేరదు మేడమ్, కానీ మనం ఎంత దగ్గరకు కావాలంటే అంత దగ్గరకు తేవచ్చు' అన్నాడు. లిమిట్ అంటే అదే కదా! పుస్తకంలో ఎప్సిలాన్ అనే గుర్తు పెట్టి చెప్పేది వాడు తెలుగులో చెప్పేశాడు. ఆరోజు ఇంటికెళ్లేదాకా సంతోషం ఆగలేదు.

కాబట్టి కోర్సు ఎంచుకునే ముందు మీరు రెండు చూడండి. అందులో మీరు పాఠం చెప్పి చూపించాలా, మీ పని చూసి ఎవరైనా తప్పు చెబుతారా? ఆ రెండూ ఉంటే వదలొద్దు. ఇప్పుడు చాలావరకు ఆన్‌లైన్ కాబట్టి దేశంలో ఏ కేంద్రంలో సీటు దొరికినా ఇంటి నుంచే చేరొచ్చు. అయితే ఆ రోజుల్లో తప్పకుండా ఓడీ (ఆన్ డ్యూటీ అనుమతి) అడిగి తీసుకోండి. ఒక చెవిలో కోర్సు, ఎదురుగా క్లాసు అంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

సబ్జెక్టు కోసమైతే ఐదు రోజుల ఎఫ్‌డీపీల కంటే ఐఐటీల ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో 12 వారాల కోర్సు ఒకటి చేయండి. వినడం ఉచితం, పరీక్షకే ఫీజు. వారం వారం అసైన్‌మెంట్‌కు 25 మార్కులు, సెంటర్‌కు వెళ్లి రాసే పరీక్షకు 75. మళ్లీ విద్యార్థిలా కూర్చుని తప్పులు చేస్తే, మన పిల్లలు ఎక్కడ తడబడతారో తెలుస్తుంది. జూలై, జనవరి సెమిస్టర్లుంటాయి.

మీ టెక్నీషియన్ విషయం మీరు అడగడం నాకు చాలా నచ్చింది. వాళ్లను ఎవరూ పట్టించుకోరు. ఎన్‌పీటీఈఎల్‌లో ఎవరైనా చేరొచ్చు, ఆయనకు నచ్చిన చిన్న కోర్సు, నాలుగు వారాలది, మీరే పక్కన కూర్చుని నమోదు చేయించండి. ఇంకో పని మీ డిపార్ట్‌మెంట్ చేతిలోనే ఉంది. ఈసారి కొత్త పరికరం కొనేటప్పుడు, దాన్ని నడపడం, చిన్న రిపేర్లు నేర్పడం కంపెనీ బాధ్యతే అని పర్చేజ్ ఆర్డర్‌లో ఒక వాక్యం రాయించండి. ట్రైనింగ్‌కు వెళ్లేవాళ్ల పేర్లలో ఆయన పేరు ముందు పెట్టండి.