పిల్లలకి ఆశపెట్టాలా, రెండు తగిలించాలా? మా ఇంట్లో జరిగింది చెప్తా

మీ ప్రశ్న ఏంటంటే, నాలుగేళ్ళ బాబు ఫోన్ చూపిస్తే గానీ ముద్ద మింగట్లేదు, చాక్లెట్ ఇస్తా అంటే గానీ పలక పట్టట్లేదు, మీ ఆయనేమో రెండు తగిలిస్తే దారికొస్తాడు అంటున్నారు, ఏం చెయ్యాలి అని. మూడేళ్ళ కింద మా ఇంట్లో అచ్చం ఇదే నడిచింది కాబట్టి రాస్తున్నా, కాస్త పొడుగైతే ఏమనుకోకండి.

నేను బీఈడీ చేశా, టీచర్ల అర్హత పరీక్ష టెట్ కూడా రాశా. ఎలకలు, పావురాల మీద ప్రయోగాలు చేసిన మనస్తత్వ శాస్త్రవేత్త స్కిన్నర్, కార్యసాధక నిబంధనం (ఫలితాన్ని బట్టి పని నేర్చుకోవడం), పునర్బలనం (ఒక పని మళ్ళీ చేసేలా చేసేది), అన్నీ బిట్లు బిట్లుగా బట్టీ పట్టినదాన్నే. "రుణాత్మక పునర్బలనం అంటే శిక్ష కాదు" అనే బిట్టు ఎప్పుడొచ్చినా తప్పు పెట్టలేదు. కానీ అదే సంగతి మా ఇంట్లో నా మీదే నడుస్తోందని తెలియడానికి ఏడాది పట్టింది.

రాత్రి ఎనిమిదిన్నర. పప్పన్నంలో నెయ్యి కలిపి గిన్నె పట్టుకుని కూర్చునేదాన్ని. మా నాలుగేళ్ళ బాబు మూతి బిగించేవాడు. ఫోన్ అనేవాడు, ఇవ్వను అనేదాన్ని. ముందు సన్నగా రాగం, తర్వాత ఏడుపు, తర్వాత నేల మీద పడి కాళ్ళు కొట్టుకోవడం. ఈలోపు లోపల్నుంచి అత్తయ్యగారు "పోన్లేమ్మా పసివాడు, గొంతు పోతుంది, ఇచ్చెయ్" అనేవారు. ఇచ్చేసేదాన్ని. టక్కున నిశ్శబ్దం, కళ్ళు ఫోన్‌లో, నోరు దానంతటదే తెరుచుకునేది.

అన్నం తింటున్నందుకు ఫోన్ ఇస్తున్నా అని నేననుకున్నా. కానీ ఫోన్ చేతికొచ్చే ముందు వాడు చేసిన పని తినడం కాదు కదా, కాళ్ళు కొట్టుకోవడం. కూలి ముట్టింది దానికి. ఇంకో సంగతి, ఆ ఏడుపు ఆగగానే నాకు ప్రాణం లేచొచ్చేది చూడండి, టెట్ బిట్టులోని రుణాత్మక పునర్బలనం అదే. ఏ పని చేస్తే బాధ తగ్గుతుందో ఆ పని మళ్ళీ మళ్ళీ చేస్తాం. అంటే ఏడిస్తే ఫోన్ వస్తుందని వాడికి నేను నేర్పితే, ఫోన్ ఇస్తే ఏడుపు ఆగుతుందని నాకు వాడు నేర్పాడు. నాలుగేళ్ళోడు, బీఈడీ లేకుండానే.

ఇంతకంటే పెద్ద తప్పు నేను గట్టిగా ఉన్న రోజుల్లో చేశా. రెండు రోజులు ఇవ్వకుండా పళ్ళబిగువున ఉండి మూడో రోజు తట్టుకోలేక ఇచ్చేసేదాన్ని, రెండు రోజులన్నా ఆపా కదా అని నాకో తృప్తి. దీనికి స్కిన్నర్ కథే ఒకటుంది, ఆయనే రాసుకున్నది. మీట నొక్కితే ఎలకలకి పెట్టే తిండి గుళికలు ఆయన సొంతంగా ఒక చిన్న మిషన్ మీద చేసుకునేవాడు, అది విసుగు పని. ఒక శనివారం మధ్యాహ్నం లెక్క చూసుకుంటే ఉన్న గుళికలు సోమవారం పొద్దున పదిన్నరకల్లా అయిపోయేలా ఉన్నాయి. సరే అని మీట నొక్కిన ప్రతిసారీ కాకుండా నిమిషానికి ఒక్కటే ఇవ్వడం మొదలుపెట్టాడు. ఎలకలు మానలేదు సరికదా నొక్కుతూనే ఉన్నాయి. తర్వాత తేలిందేంటంటే, ప్రతిసారీ దొరికేది ఆగిపోతే జంతువు త్వరగానే వదిలేస్తుంది, ఎప్పుడో ఒకసారి దొరికేది ఆగిపోతే మాత్రం చాలాసేపు వదలదు, ఈసారి రావచ్చు, ఈసారి రావచ్చు అన్నట్టు నొక్కుతూనే ఉంటుంది. నా మూడో రోజు దయతో మా వాడికి వచ్చిన చదువు ఇదే, ఇంకాస్త ఎక్కువసేపు ఏడవాలి అని.

ఇక మీ ఆయన చెప్పే రెండు తగిలించడం. మా చిన్నప్పుడు లెక్కల మాస్టారు ఎక్కం తప్పితే చింతబరికె తీసేవారు. దెబ్బల వల్ల నేనేం నేర్చుకున్నానంటే, పొడుగ్గా ఉండే అమ్మాయి వెనకాల ఎలా కూర్చోవాలో, అందరూ కలిసి ఎక్కం చదువుతుంటే రాని చోట గొంతు తగ్గించి పెదాలు మాత్రం ఎలా ఆడించాలో, లెక్కల పీరియడ్ ముందు కడుపునొప్పి ఎలా తెచ్చుకోవాలో. ఇప్పటికీ పదమూడో ఎక్కంలో ఏడు దగ్గర ఆగి వేళ్ళు చూసుకుంటా. దెబ్బ పడ్డప్పుడు పిల్లలు ఏదో ఒకటి నేర్చుకుంటారు, కాదనను, కాకపోతే దొరక్కుండా ఉండడం నేర్చుకుంటారు. 2009 విద్యాహక్కు చట్టంలో బడిలో కొట్టకూడదని రాశారు, ఇంట్లో సంగతి మన చేతుల్లోనే ఉంది.

అలాగని బహుమతులన్నీ మంచివీ కాదు, మా అమ్మాయి విషయంలో నేను దెబ్బతిన్నది అక్కడే. దానికి ఏడేళ్ళప్పుడు బొమ్మల పిచ్చి, చింపిన క్యాలెండర్ కాగితం దొరికితే చాలు వెనకాల గంటసేపు గీసేది, ఏనుగుకి గోళ్ళు కూడా వేసేది. నేను ఊరుకోక గోడకి చార్ట్ అంటించా, బొమ్మకో స్టార్, పది స్టార్లకి ఐస్‌క్రీమ్. వారం తిరక్కుండా ఇరవై నిమిషాల్లో పది బొమ్మలు తెచ్చింది, పదీ ఒకటే, రెండు కొండల మధ్య సూర్యుడు. "ఏనుగేదే" అంటే "దానికి టైమ్ పడుతుందమ్మా, స్టార్ ఒకటేగా" అంది. ఏం మాట్లాడను! చార్ట్ తీసేశాక కొన్ని నెలల పాటు రంగులే ముట్టుకోలేదు. లెప్పర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్ళు 1973లో స్టాన్‌ఫర్డ్‌లో నర్సరీ పిల్లల మీద చేసిన ప్రయోగం నేను తర్వాత చదివా, స్కెచ్ పెన్నులతో ఇష్టంగా గీసే పిల్లలకి, గీస్తే సర్టిఫికెట్ ఇస్తాం అని ముందే చెప్పి ఇచ్చారు. వారం రెండు వారాలయ్యాక చూస్తే ఆ పిల్లలు బొమ్మలేసే టైమ్ మిగతావాళ్ళలో సగమే. ముందు చెప్పకుండా ఇచ్చిన పిల్లల్లో మాత్రం ఆ తేడా రాలేదు. అందుకే దేనికైతే వాళ్ళే ఎగబడతారో దాని జోలికి పోకండి. పలక పట్టనివాడికి, అసలు ఇష్టమే లేని పనికి, మొదలుపెట్టడం కోసం చిన్నదేదైనా ఇవ్వచ్చు, అదీ ఆ పని అవ్వగానే, ఆదివారం కొనిపెడతా అంటే వాడికి ఆదివారం అంటే ఏంటో కూడా తెలీదు.

ఫోన్ ఎలా మాన్పించామంటే, ముందు వాణ్ణి కాదు, పెద్దవాళ్ళని కూర్చోబెట్టా. మా ఆయన, అత్తయ్యగారు, నేను, ముగ్గురం ఒకే మాట మీద ఉండాలి, లేకపోతే మొదలే పెట్టొద్దు అని. తినిపించడం మానేసి వాడి కంచం వాడి ముందు పెట్టా, అరగంటయ్యాక తిట్టకుండా తీసేసేదాన్ని. మూడో రోజు రాత్రి ఎన్నడూ లేనంత గోల చేశాడు, కంచం విసిరేశాడు, అత్తయ్యగారు కళ్ళు తుడుచుకుంటూ బాల్కనీలోకి వెళ్ళిపోయారు. ఆ రాత్రికి రెడీగా ఉండండి, ఆగిపోయే ముందు అది ఒకసారి పెరగొచ్చు, అందరూ ఓడిపోయేది అక్కడే. ఆ రోజు పాలు మాత్రం తాగి పడుకుని పొద్దున లేవగానే మూడిడ్లీలు తిన్నాడు. తొమ్మిదో రోజుకి అడగడం తగ్గింది, నెలకి మర్చిపోయాడు.

మర్చిపోయాడు అనే అనుకున్నా. సంక్రాంతికి మా అమ్మ వాళ్ళింటికి వెళ్ళాం, విస్తరి వేసి కూర్చోబెట్టగానే వాడు నా వైపు కూడా చూడకుండా నేరుగా మా నాన్న దగ్గరికెళ్ళి "తాతా, ఫోన్" అన్నాడు, మా నాన్న మారుమాట్లాడకుండా జేబులోంచి తీసి చేతిలో పెట్టారు. ఇప్పుడు వాడికి ఏడేళ్ళు, మా ఇంట్లో అన్నం దగ్గర ఫోన్ మాటెత్తడు, అక్కడ గుమ్మం తొక్కగానే అడుగుతాడు. ఈసారి మా నాన్నని కూర్చోబెట్టాలి, ఆయనకి బెల్లం జీడి ఆశపెడితే వింటారేమో చూస్తున్నా.